‘వాంపైర్ హంటర్ డి’కి అంత పేరు తగునా?

‘వాంపైర్ హంటర్ డి’ అనే జపాన్ బొమ్మల సినిమా 1985 డిసెంబరు 21న వచ్చింది. అంటే దానికి నలభై ఏళ్లు నిండినాయి. దయ్యాల సినిమాలూ, జపాన్ యానిమే రెండూ ఇష్టపడేవాళ్ల మధ్య దాని పేరెత్తితే ఇప్పటికీ ఒక మర్యాద ఉంది. ‘అది చూడకుండా యానిమే గురించి మాట్లాడొద్దు’ అనేవాళ్లు ఉన్నారు. ‘అందులో ఏముంది, చిన్నప్పుడు చూసినామనే ప్రేమే తప్ప’ అనేవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లోనే ఈ రెండు పక్షాలూ ఉన్నాయి. మొన్న దసరా సెలవుల్లో అందరం కలిసినప్పుడు మళ్లీ ఒకసారి పెట్టుకొని చూసినాము. చూసినాక వాదన ఇంకా పెద్దదైంది.

కులదేవత జాతర, ఉగాది వంటలు, ముత్తాత కోలారు సీమకు వచ్చిన కథ రాసుకునే ఈ పేజీల్లో నెత్తురు తాగే దయ్యాల సినిమాకి ఏం పని అని పెద్దలు అడుగుతారు. పని ఉంది. అది చెప్పాలంటే ముందు సినిమా సంగతి సరిగ్గా తేల్చుకోవాలి. కథ ఆఖరు కూడా ఇందులో వస్తుంది. ముందు చూడాలనుకునేవాళ్లు చూసి వచ్చి చదవండి. చిన్నపిల్లలకి మాత్రం పెట్టొద్దు. నెత్తురు ఎక్కువ, బట్టలు లేని దృశ్యాలు కూడా ఉన్నాయి.

తెలియనివాళ్ల కోసం కథ. కాలం క్రీ.శ. 12,090. ఎప్పుడో జరిగిన అణుయుద్ధం తర్వాత మనుషుల మీద వాంపైర్లు దొరతనం చేసినారు. వాళ్లను ‘నోబుల్స్’ అంటారు. మన మాటల్లో దొరలు అనుకోండి. సినిమా మొదలయ్యేటప్పటికి ఆ దొరతనం కూలిపోయే దశలో ఉంది. అయినా అక్కడక్కడా కోటలు, కోటల్లో కొందరు దొరలు మిగిలి ఉన్నారు. డోరిస్ లాంగ్ అనే అమ్మాయికి తల్లీ తండ్రీ లేరు. తండ్రి తోడేలు మనుషులను వేటాడినవాడు. ఆమె తమ్ముడు డాన్‌ను పెట్టుకొని పొలం, పశువులు చూసుకుంటా ఉంటుంది. ఆమెను కౌంట్ మాగ్నస్ లీ అనే ముసలి దొర కరుస్తాడు. పెళ్లి కూడా చేసుకుంటానంటాడు. కాటు సంగతి తెలిసినాక ఊరివాళ్లు ఆమెను వెలివేసినట్టు చూస్తారు.

అప్పుడు యంత్రపు గుర్రం మీద ఒకడు వస్తాడు. వాని పేరు డి. అంతే, ఒక్క అక్షరం. వాంపైర్లను చంపడమే వాని వృత్తి. వాడే సగం వాంపైర్. తండ్రి వాంపైర్, తల్లి మనిషి. ఇట్లా పుట్టినవాళ్లను ధాంపీర్ అంటారు. వాని ఎడమ అరచేతిలో ఒక ముఖం ఉంటుంది. అది మాట్లాడుతుంది, ఎగతాళి చేస్తుంది, చావు దాకా పోయినవాణ్ని వెనక్కి కూడా తెస్తుంది. డోరిస్ వాణ్ని పనికి కుదుర్చుకుంటుంది. వాడు కోటకు పోతాడు, కొట్లాడతాడు, దొరను చంపుతాడు, మళ్లీ గుర్రమెక్కి వెళ్లిపోతాడు.

మేము మొదటిసారి చూసింది 2007 వేసవిలో, కోలారు ఇంట్లో, చిన్నాన్న కంప్యూటర్‌లో. అది డబ్బా లాంటి పాత మానిటర్. ఎవరి హాస్టల్ నుంచో సీడీలో వచ్చిన కాపీ. మాటలు జపనీస్, కింద ఇంగ్లిష్ అక్షరాలు. మేమంతా కన్నడ మీడియం పిల్లలం. రెండు పదాలు కూడబలుక్కునేలోపల ఆ వరుస పోయి ఇంకో వరుస వచ్చేది. మాలో ఇంగ్లిష్ వేగంగా చదివేది పెద్దక్క ఒక్కతే. పుట్టింటికి వచ్చి ఉండింది, ఒళ్లో ఏడాది పిల్లోడు. అక్క బొమ్మను ఆపి ఆపి తెలుగులో చెప్పేది. తెలుగు మాట దొరక్కపోతే కన్నడ మాట వేసేది. 80 నిమిషాల సినిమా మాకు మూడు గంటలు పట్టింది. చిన్నాన్న వెనక నిలబడి రెండు నిమిషాలు చూసి, ‘ఇది మన విఠలాచార్య సినిమానే కదప్పా’ అని నవ్వుకుంటా పోయినాడు.

ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. పాత సినిమా మీద మనకుండే ప్రేమలో సినిమా భాగం ఎంత, ఆ వేసవి భాగం ఎంత అని విడదీయకుండా తీర్పు చెప్తే అది తీర్పు కాదు. అమెరికాలో ఈ సినిమాను నెత్తిన పెట్టుకున్నవాళ్ల సంగతీ ఇంతే. అక్కడ 1992లో స్ట్రీమ్‌లైన్ పిక్చర్స్ వాళ్లు ఇంగ్లిష్ డబ్బింగ్‌తో తెచ్చినారు. అప్పట్లో అక్కడ కార్టూన్ అంటే పిల్లల వ్యవహారం. వీడియో అంగడిలో క్యాసెట్ తీసుకొచ్చి, లేకపోతే టీవీలో అర్ధరాత్రి పూట చూసినవాళ్లకి నెత్తురు, కత్తులు, చావు ఉన్న బొమ్మల సినిమా ఒక కొత్త లోకం. పోల్చి చూడటానికి పక్కన ఉన్నవి తక్కువ. మొదట్లో వచ్చినవాటికి దొరికే గౌరవం దీనికి దొరికింది. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ అది చరిత్రలో దాని చోటుకి దక్కిన గౌరవం. సినిమా బాగుందా లేదా అనేది వేరే ప్రశ్న.

మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్లకి ఒక అలవాటు ఉంది. తప్పు దొరికితే రెండు వరుసలు రాస్తాము. రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి. ఈ సినిమాకీ అట్లా రాయొచ్చు.

రావలసింది ఏమిటో పోస్టరే చెప్తుంది. ఈ కథకు మూలం హిడెయుకి కికుచి 1983లో రాసిన నవల. దానికి బొమ్మలు వేసినవాడు యోషితాకా అమానో. తర్వాత ‘ఫైనల్ ఫాంటసీ’ ఆటలకు బొమ్మలు వేసి లోకమంతా పేరు తెచ్చుకున్నది ఈయనే. ఆయన గీత సాలెగూడు పోగులా సన్నంగా, వంకర్లు పోతా ఉంటుంది. ఆయన డి బొమ్మలో టోపీ, జుట్టు, అంగీ అన్నీ పొగలా కలిసిపోతాయి. మనిషా, నీడా తెలియదు.

వచ్చింది వేరే. ఆ గీతను కదిలించడం మామూలు పని కాదు. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. జపాన్ టీవీ బొమ్మల్లో ఖర్చు తగ్గించడానికి ఒక్కొక్క బొమ్మను మూడేసి ఫ్రేములు నిలబెడతారు. అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలే. ఆ ఎనిమిదింటికైనా ప్రతిసారీ అమానో గీత గీయాలంటే ఎవరివల్లా కాదు. అందుకని దర్శకుడు తొయో అషిదా తన రూపాలు కూడా వేసి, రెండూ కలిపి పాత్రలను తయారు చేయించినాడు. అషిదా ‘ఫిస్ట్ ఆఫ్ ది నార్త్ స్టార్’ తీసినవాడు. ‘మింకీ మోమో’ అనే చిన్నపిల్లల సీరియల్‌కి పాత్రల రూపాలు వేసినదీ ఆయనే. ఆ చెయ్యి ఇక్కడ కనిపిస్తుంది. డోరిస్, డాన్ గుండ్రటి కళ్లతో మామూలు టీవీ బొమ్మల్లా ఉంటారు. డి ముఖం కొన్ని దృశ్యాల్లో అమానోది, ఇంకొన్నింట్లో ఇంకెవరిదో. కొట్లాటల్లో చాలాసార్లు కత్తి లేస్తుంది, ఒక మెరుపు మెరుస్తుంది, తర్వాత శత్రువు రెండు ముక్కలై ఉంటాడు. మధ్యలో జరగవలసిన కొట్లాట ఉండదు.

డబ్బు తక్కువ, కాలం అది అని సర్దుకోవచ్చు. కానీ అదే డిసెంబరు నెలలో, అదే అమానో రూపాలతో, మమోరు ఒషీ ‘ఏంజెల్స్ ఎగ్’ తీసినాడు. అందులో కదలిక తక్కువ, మాటలు ఇంకా తక్కువ. అయినా అమానో గీత చివరిదాకా నిలబడింది. అంటే దారి లేకపోలేదు, వీళ్లు వేరే దారి పట్టినారు.

ఇంకొక లోపం డోరిస్ పాత్ర. మొదటి దృశ్యంలో తుపాకి, కొరడా పట్టుకొని చీకట్లో ఒంటరిగా తిరిగే ధైర్యవంతురాలు. డి వచ్చినప్పటినుంచి ఎవరో ఒకరు ఎత్తుకుపోవడానికి, ఇంకొకరు విడిపించడానికి తప్ప ఆమెకు పని ఉండదు. స్నానం దృశ్యం ఎందుకు పెట్టినారో చూసే ఎవరికైనా తెలుస్తుంది. మా ఆడపిల్లలు ఈసారి ఆ దృశ్యం దగ్గర లేచిపోయి టీ పెట్టుకొచ్చినారు. ఇక భయం సంగతి. దయ్యాల సినిమా అని పేరు గానీ ఇది భయపెట్టదు. దీని ఎముకలు పాత కౌబాయ్ సినిమావి. దిక్కులేని పొలం, అక్కా తమ్ముడు, ఎక్కడినుంచో వచ్చిన గుర్రపువాడు, పని ముగిసినాక వెళ్లిపోవడం. ‘షేన్’ చూసినవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

మంచి వరుసలో కూడా రాయవలసినవి ఉన్నాయి. సెంటాయ్ ఫిల్మ్‌వర్క్స్ వాళ్లు 2015లో శుభ్రం చేసి బ్లూ-రేగా తెచ్చినారు. దసరాకి మేము చూసింది ఆ కాపీ. మా పాత మానిటర్‌లో నల్లటి మరకలా ఉండినవి ఇప్పుడు కనిపిస్తా ఉన్నాయి. కోట వెనక ఆకాశం, శిథిలాలు, కోట అడుగున నీళ్లు, అక్కడుండే ముగ్గురు పాము ఆడవాళ్లు. ఈ సినిమాలో కదిలే బొమ్మలు ముసలివైనాయి గానీ కదలని బొమ్మలు ముసలివి కాలేదు. సంగీతం తెత్సుయా కోమురోది, ఆఖరి పాట ఆయన బృందం టీఎం నెట్‌వర్క్‌ది. 1985 నాటి సింథసైజర్ మోత కొన్నిచోట్ల నవ్వు తెప్పిస్తుంది. కానీ డి ఒంటరిగా గుర్రం మీద పోయేటప్పుడు వచ్చే సంగీతం ఇప్పటికీ ఒంటిమీద నిలుస్తుంది.

చిన్నాన్న విఠలాచార్య పేరు ఊరికే ఎత్తలేదని ఇప్పుడనిపిస్తుంది. ‘జగన్మోహిని’లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వండే దృశ్యం మా అవ్వ తరం నుంచి అందరూ చెప్పుకునేదే. ఖర్చు పెట్టింది లేదు, ట్రిక్కు ఏమిటో కనిపిస్తానే ఉంటుంది, అయినా మరచిపోరు. డి అరచేతిలో ముఖం అట్లాంటిది. ఇరవై ఏళ్ల తర్వాత కథ మరచిపోయినవాడికి కూడా ఆ ముఖం గుర్తుంటుంది. ఇంకో మాట. తెలుగువాళ్లు జానపద బ్రహ్మ అని పిలుచుకునే ఆ విఠలాచార్య ఉడుపి దగ్గర పుట్టిన కన్నడిగుడు. ఈ సంగతి చెప్తే ఆంధ్రా చుట్టాలు నమ్మరు, ఇక్కడి స్నేహితులు అంతకంటే నమ్మరు.

2000లో మ్యాడ్‌హౌస్ స్టూడియోలో యోషియాకి కవజిరి ‘వాంపైర్ హంటర్ డి: బ్లడ్‌లస్ట్’ తీసినాడు. అది కికుచి మూడో నవల. బొమ్మలు, కదలిక, కొట్లాటలు ఏ లెక్కలో చూసినా మొదటిదాన్ని దాటిపోయింది. అమానో గీత కదిలితే ఎట్లుంటుందో అందులో చూడొచ్చు. ఇక మొదటి సినిమా ఎందుకు అని మా ఇంట్లో ఒక పక్షం వాదన. చేత్తో చేసిన పని వరకే లెక్కేస్తే వాళ్లదే గెలుపు.

కానీ మొదటి సినిమాలో ఉన్నది ఒకటి రెండోదానిలో లేదు. దాని పేరు లార్మికా. ఈ సినిమాను పొగిడేవాళ్లు డి టోపీ గురించి, ఎడమచెయ్యి గురించి చెప్తారు. తిట్టేవాళ్లు బొమ్మల గురించి చెప్తారు. లార్మికా గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మా లెక్కలో ఈ సినిమాకి రావలసిన పేరంతా ఆమె దగ్గర ఉంది.

లార్మికా కౌంట్ లీ కూతురు. వంశం అంటే ఆమెకు ప్రాణం. మనుషులు నీచజాతి అని ఆమె నమ్మకం. తండ్రి ఒక పల్లెటూరి మనిషి పిల్లను కోటకు కోడలిగా కాదు, తనకు సవతితల్లిగా తెస్తానంటే ఆమెకు భరించరానిది అవుతుంది. డోరిస్‌ను చంపడానికే చూస్తుంది. డిని చూసి సగం రక్తంవాడు అని అసహ్యించుకుంటుంది. తండ్రికి మాత్రం ఈ పట్టింపు లేదు. వేల ఏళ్లు బతికి బతికి ఆయనకు విసుగు పుట్టింది. మనిషి పిల్లతో పెళ్లి ఆయనకు ఒక కాలక్షేపం. వంశగౌరవాన్ని కూతురికి నేర్పినవాడు తాను మాత్రం పాటించడు.

ఆఖరులో అసలు సంగతి తెలుస్తుంది. లార్మికా తల్లి మనిషే. లార్మికా కూడా ధాంపీరే. ఎవరిని సగం రక్తం అని ఛీ కొట్టిందో తానూ అదే. దొర చచ్చిపోయినాక, కోట కూలేటప్పుడు డి ఆమెతో మనిషిగా బతకొచ్చు అంటాడు. వాడు అట్లా బతుకుతా ఉన్నవాడే కాబట్టి ఆ మాటకు బరువుంది. ఆమె ఒప్పుకోదు. దొరల బిడ్డగానే చస్తానని తండ్రి శవంతో పాటు కోట కింద ఉండిపోతుంది.

సినిమా ఆమెకు ఇచ్చింది కొన్ని నిమిషాలే. ఆ నిజం విన్నప్పుడు ఆమె ముఖం మీద ఇంకొంచెంసేపు నిలబడి ఉంటే ఎంత బాగుండేదో. గిన్‌సే అనే కిరాయి రౌడీకి, ఊరి పెద్ద కొడుకు గ్రెకోకి ఇచ్చిన సమయంలో సగం ఆమెకు ఇచ్చి ఉండొచ్చు. అది అషిదా లోపమే. కానీ సగంసగంగా పుట్టినవాళ్లు బతకడానికి రెండు దారులు పక్కపక్కన పెట్టి చూపించింది ఈ సినిమా. డి దారి ఇది. ఎవరు ఏమన్నా జవాబు చెప్పడు, పుట్టుక గురించి గొప్పా చెప్పడు, సిగ్గూ పడడు, పని చేసుకుంటా పోతాడు. దానికి కట్టే వెల, ఎక్కడా ఇల్లు లేకపోవడం. లార్మికాది రెండోది. లేని స్వచ్ఛత కోసం ఉన్న ప్రాణం పోగొట్టుకోవడం. 2007లో మేము డి పక్షమే. నల్ల అంగీ, పొడుగు కత్తి ఉన్నవాని పక్షం కాక పదిహేడేళ్లకి ఇంకెవరి పక్షం? ఈసారి మాలో చాలామందికి లార్మికాయే మనసులో నిలబడింది.

అందుకని మా తీర్పు ఇట్లా తేలింది. బొమ్మల పనికి వచ్చిన పేరు సగమే న్యాయం. భయపెడుతుందనే పేరు అన్యాయం. దారి తీసిన సినిమా అనే పేరు పూర్తి న్యాయం. లార్మికా విషయంలో దానికి రావలసిన పేరు ఇంకా రాలేదు. చూడదలచినవాళ్లు ‘బ్లడ్‌లస్ట్’ తర్వాత కాకుండా ముందే చూడండి. తర్వాత చూస్తే కన్ను ఒప్పుకోదు.

ఇప్పుడు ఈ పేజీల్లో దీనికి ఏం పని అనే ప్రశ్న. అప్పుడు అక్క ఒళ్లో ఉండిన పిల్లోడు ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడు. ‘డెమన్ స్లేయర్’ చూసి పెరిగినవాడు. 2025లో ‘ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో కూడా వస్తే తెలుగులో ఒకసారి, జపనీస్‌లో ఒకసారి చూసినాడు. మా పాత సినిమా మొదటి అరగంట వాడు ఫోను పక్కన పెట్టలేదు. ఆఖరు పది నిమిషాలు మాత్రం పెట్టినాడు. అయిపోయినాక వాడు అడిగింది బొమ్మల గురించి కాదు. ‘వాళ్లమ్మ సంగతి ఆమెకు ముందే చెప్పి ఉంటే చచ్చేది కాదు కదా?’ అన్నాడు.

వాని నాన్న కన్నడవారు. వాడు ఇంట్లో నాన్నతో కన్నడ, అమ్మతో తెలుగు, మాతో రెండూ కలిపి మాట్లాడతాడు. అనంతపురం పెళ్లిళ్లలో వాని తెలుగు విని నవ్వుతారు. మా తెలుగు విన్నా నవ్వుతారు, అది వేరే సంగతి. వాడు పట్టించుకోడు. కానీ ఈ పేజీల్లో మొదటే ఉన్న వంశవృక్షం వాడు చూసినాడు. మా ఇంటి మిగతా ఆడపిల్లల భర్తల పేర్లు, పిల్లల పేర్లు అందులో ఉన్నాయి. పెద్దక్క కొమ్మ అక్క పేరు దగ్గరే ఆగిపోయింది. అక్క ఒకసారి అడిగింది. కాగితంలో జాగా చాలలేదన్నారు.

ఆ చెట్టులోనే నాలుగు తరాల పైన ఒక ముత్తవ్వ ఉంది. ఆమె శ్రీనివాసపురం దగ్గరి కన్నడ ఇంటి పిల్ల అనీ, పిల్లలకు ఆమె పాడిన జోలపాటలు కన్నడవే అనీ మా అవ్వ చెప్పేది. చెట్టులో ఆమె పేరు ఒక్కటే ఉంది, పుట్టింటి సంగతి లేదు. ఆమె కడుపునే మేమందరం పుట్టినాము, చెట్టు గీసిన పెద్దలతో సహా.

పెద్దల మీద మాకు కోపం లేదు. ఊరూరా తిరిగి, పాత పత్రాలు వెతికి, ఇంత పని చేసింది వాళ్లే. మేము అడిగేది రెండు మార్పులు. ముత్తవ్వ పేరు పక్కన ఆమె పుట్టింటి ఊరు, ఆమె భాష రాయాలి. పెద్దక్క పేరు కింద బావ పేరు, పిల్లోని పేరు ఎక్కించాలి. ఇది ఇప్పుడు కాగితం కాదు, కంప్యూటర్‌లో ఉంది. జాగా ఎంతైనా ఉంది. సంక్రాంతికి అందరం కలుస్తాము. అప్పటికి చేసి పెడితే సంతోషం. లేదంటే మాకు చెప్పండి, మేమే కూర్చొని చేస్తాము.